ఉతకని చీర

సౌగంధికాపురం కోట బురుజుల మీద బంగారు కలశాలు మిట్టమధ్యాహ్నపు ఎండకు ధగధగ మెరుస్తున్నాయి. ముంగిళ్లలో ముత్యాల ముగ్గులు, రాజవీధి పొడుగునా పన్నీటి పరిమళం, మేడల గవాక్షాల్లో చిలకల కిలకిలలు. అంత అందమైన నగరంలో ఆ పూట ఒక్కరి చూపు కూడా నేలమీద లేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ నోళ్లు వెళ్లబెట్టి ఆకాశంలోకే చూస్తున్నారు. చూడరూ మరి! బొంతలు కుట్టే కుందమ, తాను కుట్టిన బొంత మీదే బాసింపట్టు వేసుక్కూర్చుని బురుజుల పైనుంచి ఎగిరిపోతోంది!

ఆమె వెనక, తలపాగా తురాయి గాలికి రెపరెపలాడుతుండగా, వజ్రకూట రాకుమారుడు చిత్రభానుడు కూర్చున్నాడు.

"అరెరే, అది మా నాన్న తలగుడ్డే!" అని కింద కుమ్మరి సూరన వేలెత్తి చూపించాడు. "ఆ పచ్చముక్క నా తొలికాన్పు నాటి చీర కొంగు!" అని గంధాలమ్మే ఇంటి ఇల్లాలు చప్పట్లు కొట్టింది. నిన్నటిదాకా ఆ గుడ్డపీలికల్ని చూసి పకపకా నవ్వినవాళ్లే ఇవాళ అందులో తమ వాటా వెతుక్కుంటున్నారు. లోకం తీరు అంతే, ఏం చేస్తాం!

ఆ పీలికల కథ కొంచెం చెప్పాలి. కుందమ అవ్వ పోలమ ఊళ్లో ఎవరింట పాతగుడ్డ కనబడినా అడిగి తెచ్చుకుని టేకుపెట్టెలో దాచేది. కుట్టేది తక్కువ, దాచేది ఎక్కువ. ఒక వానకాలపు సాయంత్రం ఆమె గడపలో ఎవరో ఆడమనిషి తడిసి గజగజ వణుకుతూ నిలబడితే, అవ్వ తన బొంత తీసి కప్పింది. ఆ వచ్చినది యక్షిణి. ఒళ్లు వెచ్చబడ్డాక ఆమె ఒక వెండిసూది అవ్వ చేతిలో పెట్టి ఇలా అంది: "దీంతో కుట్టిన బొంత చెప్పిన చోటికల్లా ఎగురుతుంది. కాని అందులో ప్రతి ముక్కా ఒకరు కట్టి నలిపినదై, మనసారా ఇచ్చినదై ఉండాలి. లేకుంటే లేచినా నడిదారిలో కూలిపోతుంది. సూది కూడా అంతే. చేతికి చేయి ఇస్తేనే పని చేస్తుంది. లాక్కున్నవాడి చేతిలో తుప్పు పట్టి రాలిపోతుంది."

అవ్వ పోయేముందు ఆ సూదిని చిన్నమనవరాలు కుందమ చేతిలో పెట్టింది. పెద్దమనవరాలు మాచమకు గుడ్డలు ఉతికే పని ఒప్పజెప్పింది. తల్లీతండ్రీ లేని ఆ ఇంట్లో ఉతుకుడు తక్కువ పనేమీ కాదు. ఏ గుడ్డయినా రాత్రంతా నీళ్లలో నానాలి, రేవులో బండకేసి బాదాలి, ఎండలో ఫెళఫెళలాడేలా ఆరాలి. ఆ తర్వాతే బొంతలోకి రావాలి. ఎందుకంటే నీళ్లెరగని కొత్తగుడ్డ మొదటిసారి తడిసిందంటే ముడుచుకుపోతుంది. ఊరికే ముడుచుకోదు, చుట్టూ ఉన్న పాతముక్కల్ని కుట్లతో సహా లాగి చింపేస్తుంది. ఈ సంగతి ఆ ఇంట్లోవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలీదు.

కుందమకు ఒక జబ్బుంది. ఏ బొంతయినా ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో అటక మీద పారేస్తుంది. "మొదలుపెట్టడమే గాని ముగించడం తెలీదు కదే నీకు!" అని అక్క రోజూ నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయలు గత వానకాలంలో ఆగిపోయాయి. రేవులో గుడ్డలు ఉతుకుతున్న మాచమను ఒక నల్లని సుడిగాలి ఎత్తుకుపోయింది.

ఆ తర్వాత చాలాకాలానికి, మాచమ కాలి కడియం చేత పట్టుకుని చిత్రభానుడు వచ్చాడు. "మీ అక్క గాజుకొండ శిఖరం మీద మాంత్రికుడు ధూమ్రకేశుడి చెరలో ఉంది. ఈ అమావాస్య పొద్దు వాలేలోగా విడిపించకపోతే రాయైపోతుంది. ఆ కొండ ఎక్కినవాడు లేడు, జారి చచ్చినవాళ్లే ఉన్నారు. ఎగిరి వెళ్లడం తప్ప దారి లేదు. నాకు దారి తెలుసు, తోడొస్తాను," అన్నాడు.

అంతే, కుందమ కొంగు బిగించింది. అటక మీది సగం బొంతలన్నీ దించి ఒకదానికొకటి కలిపింది. చాలని చోటల్లా పెట్టెలో గుడ్డలు తీసి అతికింది. అక్క ఉతికి మడతపెట్టిపోయిన ముక్కలవి, ఇంకా కుంకుడు వాసన వస్తూనే ఉన్నాయి. రౌతు ఉత్తరీయం, పూజారి పంచె, పెళ్లిపందిట్లో చిరిగిన పావడా, ఒక్కొక్కటే పెట్టెలోంచి బొంతలోకి నడిచాయి. వేళ్లు పొక్కులెక్కాయి, మెడ పట్టేసింది. అయినా బొంత రోజురోజుకీ పెరుగుతుంటే, పెట్టె అడుగు చెక్క కనబడుతుంటే ఆమెకు ఏనుగంత బలం వచ్చింది. ఒక్క ముక్క మాత్రం చేతులాడక దాచుకుంది. చిన్నప్పుడు తాను జ్వరంతో వణుకుతుంటే అక్క ఒంటి మీంచి తీసి కప్పిన ఎర్ర ఓణీలో ముక్క అది. రొంటిన దోపుకుంది.

తలవైపు అంచున ఇంకా జానెడు వెలితి మిగిలింది. అప్పుడు చిత్రభానుడు ఒక తెల్లచీర తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మా అమ్మ ఆఖరి రోజుల్లో కట్టిన చీర. ముందుండి మనల్ని నడిపించేలా తలవైపు వెయ్యి. కాని కుందమా, దీన్ని నీళ్లలో ముంచకు. అమ్మ పూసుకునే సంపెంగ నూనె వాసన ఇంకా పోలేదు. అది కూడా పోతే నాకేం మిగలదు."

చీర చేతికి బిరుసుగా తగిలింది. "గంజి బాగా పెట్టించుకునేది," అన్నాడు అతను, అడక్కముందే. కుందమ వేళ్లకు అనుమానం వచ్చింది. కాని మనసు వేళ్ల మాట వింటేగా! తల్లిలేని పిల్ల, తల్లిని తలుచుకుని ఏడ్చే మగవాణ్ణి చూసి కరిగిపోయింది. అవ్వ నేర్పిన కట్టుబాటు బతుకులో మొదటిసారి దాటి, ఆ చీరను ఉతక్కుండా కుట్టేసింది.

ఇక బొంత సంగతికి వద్దాం. అది మేఘాల్ని ఒరుసుకుంటూ దూసుకుపోతోంది. కింద చందనవనాలు, వెండితీగల్లా ఏళ్లు, ఏనుగుల గుంపులు తాగే పచ్చని మడుగులు వెనక్కి పరుగెడుతున్నాయి. మంటలకోన దాటుతుండగా నిప్పుకొంగలు లేచాయి. ముక్కుల్లోంచి భగ్గుభగ్గున మంటలు కక్కుతూ బొంత మీదికి దూకాయి. "దిగు!" అని అరిచింది కుందమ. బొంత ఒక్కసారిగా చెట్ల కొసల దాకా జారి, రెండు కొండల నడుమ సందులోంచి పక్కకు ఒరిగి దూరింది. వెంటబడిన కొంగలు ఆ సందులో ఒకదాన్నొకటి గుద్దుకుని నిప్పురవ్వలై రాలిపోయాయి.

"శెభాష్!" అన్నాడు చిత్రభానుడు. ఆ ఒక్కమాటకే ఆమె బుగ్గలు ఎరుపెక్కాయి. పాపం, ఆ సంతోషం ఆమెకు ఎంతోసేపు దక్కలేదు.

ఎదురుగా కాటుకకొండ లాంటి వానమబ్బు అడ్డొచ్చింది.

"చుట్టూ తిరిగి వెళ్దాం రాకుమారా. బొంత తడవడం మంచిది కాదు."

"చుట్టూ తిరిగితే పొద్దు వాలిపోతుంది కుందమా! మీ అక్క రాయైపోయాక వెళ్లి ఏం చేస్తాం? మధ్యలోంచి పోనియ్యి."

అక్క పేరు చెబితే ఆమె ఆగుతుందా! బొంత మబ్బులోకి దూరింది. కుండపోత వాన. కళ్లు తెరవడానికి లేదు. ఎలాగో మబ్బు అవతలి ఎండలో పడేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పాతముక్కలన్నీ హాయిగా నీళ్లు విడుస్తున్నాయి. అప్పుడు వినబడింది, పటుక్కుమని ఒక చప్పుడు.

కుందమ ముందుకు వంగి చూసింది. తలవైపు తెల్లచీర ముడతలు పడుతోంది. చూస్తుండగానే పోగు పోగునా బిగుసుకుంటోంది. పక్కనున్న తలగుడ్డ ముక్క చర్రున చిరిగింది. కుట్లు వరసగా టపటపా తెగుతున్నాయి. చీర మీద చెయ్యి వేస్తే మగ్గం దించినప్పటి గంజి జిగురుగా అంటుకుంది. 

ఎవరూ కట్టని చీర. ఒక్కసారైనా నీళ్లలో ముంచని చీర.

బొంత ముక్కు కిందికి వంగి సర్రున జారడం మొదలుపెట్టింది. కుందమ వెనక్కి తిరిగింది. చిత్రభానుడి కళ్లలో భయం లేదు. రెండు వేళ్లు నోట పెట్టుకుని ఈల వేశాడు. ఎక్కణ్ణుంచో ఇనుపముక్కు రాబందు ఒకటి రివ్వున వచ్చి బొంత పక్కన వాలుగా ఎగిరింది. అతను సంతలో బండెక్కినంత తేలిగ్గా దాని వీపు మీదికి గెంతాడు.

"రాకుమారా! ఇది మీ అమ్మగారి చీర కాదు!"

"మా అమ్మా? వజ్రకూటంలో నిక్షేపంగా ఉంది. మొన్న బయల్దేరుతుంటే కూడా నాలుగు తిట్లు తిట్టింది," అని నవ్వాడు చిత్రభానుడు. చేయి చాచాడు. "ఆ సూది నా చేతిలో పెట్టు. నిన్ను లాగి ఈ పక్షి మీద కూర్చోబెడతాను. ధూమ్రకేశుడు ఆ సూదితో జనాల నీడల్ని కుట్టి బానిసల్ని చేసుకుంటాడు. నాకేమో సౌగంధికాపుర సింహాసనం ఇస్తాడు. నీ ప్రాణం నీకు దక్కుతుంది. అందరికీ లాభమే!"

కుందమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ అతణ్ణి మీరు తప్ప మరో మాట అనని నోరు ఒక్కసారిగా మారిపోయింది.

"ఛీ, దొంగవెధవా! నీ కళ్లల్లో నీళ్లు చూసి మా అవ్వ మాట దాటాను కదరా! అన్నం పెట్టినదాన్నే అమ్ముకుంటావా? నీ సింహాసనం నెత్తిన పిడుగు పడ!"

"తిట్టుకో, తిట్టుకో. నేల ఇంకా దూరంగానే ఉంది. బుద్ధొస్తే ఒక్క కేకెయ్యి," అంటూ అతను రాబందును ఆమె పక్కపక్కనే నడిపించాడు.

ఏడవడానికి కూడా తీరిక లేదు. కుందమ నడుముకున్న చిన్నకత్తి తీసి చీర కుట్లన్నీ పరపరా కోసింది. తలవైపు అంచు ఖాళీ అయింది. అక్కడ గట్టిముక్క వేసి రెండువైపులా కలిపితే గాని బొంత నిలబడదు. పెట్టెలో గుడ్డలన్నీ ఎప్పుడో అయిపోయాయి. దారపుఉండ వానలో ఎక్కడో జారిపోయింది.

చేయి తనంతట తానే రొంటికి పోయింది.

ఎర్ర ఓణీ ముక్క బయటికి తీసి ఒక్కక్షణం గుండెకు అదుముకుంది. అక్కకు గుర్తుగా ఉన్నదల్లా ఇదొక్కటే. కాని ఇది గుర్తుగా ఉండిపోతే అక్క ఉండదు. 'దాచుకోడానికి కాదే పెట్టె, పిచ్చిమొహమా,' అని చివరి రోజుల్లో అవ్వ అన్న మాట చెవిలో వినబడింది. కుందమ జడ ముందుకు లాక్కుని పొడవాటి వెంట్రుకలు పీకి, పేనినట్టు మెలిపెట్టి సూదిలోకి ఎక్కించింది. కింద అడవి, చెట్లు చెట్లుగా విడివడి పైకి దూసుకొస్తోంది. పొడిచి లాగింది, పొడిచి లాగింది. వేలు గుచ్చుకుని నెత్తురు ఓణీలో కలిసిపోయింది. ఆఖరి ముడి పళ్లతో బిగించి "లే!" అని గొంతు చించుకుని అరిచింది.

చెట్ల కొసలు తగిలేంతలో బొంత గుప్పున గాలి పట్టుకుని పైకి లేచింది!

చిత్రభానుడి నవ్వు ఎండిపోయింది. రాబందును మీదికి ఉరికించాడు. కుందమ ఒళ్లో తడిచీర ఉండనే ఉంది. "ఇదిగోరా, మీ అమ్మ చీర!" అంటూ దాని మొహం మీదికి బలంగా విసిరింది. గంజిచీర రాబందు కళ్లకు, ముక్కుకు అంటుకుపోయింది. అది గుడ్డిదై గిరగిరా తిరుగుతూ, రాకుమారుణ్ణి మోసుకుని అడవిలోకి బోర్లాపడింది.

పడమటి ఎండలో గాజుకొండ కనబడింది. నిలువునా నున్నగా, ఏడురంగుల్లో మెరుస్తూ ఆకాశాన్ని పొడుచుకుని నిలబడి ఉంది. దాని పొట్టలో నుంచి సూర్యుడు నారింజపండులా అగుపిస్తున్నాడు. పాదం దగ్గర ఎన్నో రాజ్యాల వీరుల ఎముకలు తెల్లగా గుట్టలు పడి ఉన్నాయి. పొద్దు వాలడానికి ఇంకా కాస్త వేళ ఉంది. కుందమ ఊపిరి పీల్చుకుంది.

ఊపిరితో పాటు ఒక ప్రశ్న కూడా లోపలికొచ్చి కూర్చుంది.

పుట్టి బుద్ధెరిగి ఒక్క గుడ్డ ఉతికి ఎరగని రాకుమారుడు. బొంతకు చీర ఇస్తూ, సరిగ్గా 'నీళ్లలో ముంచకు' అని ఎందుకన్నాడు? కొత్తగుడ్డ తడిస్తే ముడుచుకుని చుట్టూ ఉన్నవాటిని చింపేస్తుందని అతనికి ఎవరు చెప్పారు? ఆ సంగతి తెలిసిన అవ్వ పోయింది. తాను చెప్పలేదు. మిగిలింది...

"కాదు," అంది కుందమ పైకే. "కొట్టి చెప్పించి ఉంటారు. మంత్రం వేసి ఉంటారు. మా అక్క అలాంటిది కాదు." బొంతను ఇంకా వేగంగా తోలింది.

శిఖరం మీద పాలరాతి అరుగు, అరుగు మీద ముత్యాల కుచ్చుల ఊయలబల్ల. దాని మీద కాళ్లూపుకుంటూ కూర్చుని తలారబెట్టుకుంటోంది మాచమ. ఒంటి నిండా పట్టు, చేతుల నిండా కంకణాలు. పక్కన వెండిపళ్లెంలో ఒలిచిన దానిమ్మగింజలు.

బొంత నీడ అరుగు మీద పడగానే తలెత్తి చూసింది. చేతిలో దువ్వెన జారిపోయింది. గబగబా పరుగెత్తి, కంకణాలు తీసి ఊయల కిందికి తోసేసి, మూలనున్న స్తంభానికి వేలాడే సంకెళ్లలో తనంతట తానే చేతులు దూర్చుకుంది. జుట్టు మొహం మీదికి లాక్కుని ఏడుపు అందుకుంది.

"చెల్లీ! వచ్చావా నా తల్లీ! నన్ను విడిపించవే!"

పైనుంచి కుందమ అంతా చూసింది. రాకుమారుడు మోసం చేసినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కూడా రాలేదు. బొంతను అరుగు పక్కన గాలిలోనే ఆపింది. 

"ఆ సంకెళ్లకి తాళం లేదక్కా," అంది.

మాచమ ఏడుపు ఆగిపోయింది. మెల్లగా చేతులు బయటికి తీసుకుంది. జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఏం చెయ్యమంటావే? ఊరివాళ్ల మురికంతా నా చేతుల్తో బాదాను. రేవులో నానినాని నా గోళ్లు ఊడిపోయాయి. బొంత చూసినవాళ్లంతా కుందమ కుట్టిందన్నారే గాని, మాచమ ఉతికిందని ఒక్క నోరు అన్నదా? పోయేటప్పుడు అవ్వ కూడా సూది నీకే ఇచ్చింది. సగం సగం చేసి అటక మీద పారేసేదానికి! ధూమ్రకేశుడు నాకు విలువిచ్చాడు. సూది ఇటియ్యి. నీ ఒంటి మీద ఈగ వాలనివ్వను."

"ఒక్కమాట అడిగితే ఇచ్చేదాన్ని కదే!" అని కుందమ అరిచింది. "ఇంట్లో, వంటింట్లో, ఎక్కడడిగినా నవ్వుతూ నీ చేతిలో పెట్టేదాన్ని. నీకోసం వేళ్లు చిల్లులు పడేలా కుట్టాను. నువ్వు నన్ను ఆకాశంలోంచి తోయించావు అక్కా!"

మాచమ నోరు తెరిచింది. ఏమనేదో తెలీదు, ఈలోగా అరుగు వెనక గుహలోంచి నల్లటి పొగ బుసబుసా బయటికొచ్చి ఆరడుగుల మనిషై నిలబడింది. నిప్పుకణికల్లాంటి కళ్లు, పొగలు కక్కే జటలు. ధూమ్రకేశుడు!

"చెల్లెలి చేత సూది ఇప్పిస్తానన్నావు. నీ మాయ ఆ పిల్ల కనిపెట్టేసింది. ఇక నీతో నాకేం పని?" అని మాంత్రికుడు మాచమ వైపు చూసి, తన కపాలదండాన్ని అరుగు మీద దబ్బున మోదాడు.

పాలరాయి ఫెళ్లున పగిలింది. ఊయలా, పళ్లెమూ గాజుకొండ మీంచి జారి పాతాళంలోకి పోయాయి. కాళ్ల కింద నేల కదిలిపోతుంటే మాచమ కెవ్వున అరిచి ఎగిరి దూకింది. చేతికందింది బొంత తలవైపు అంచు. రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

"పైకి!" అంది కుందమ. ధూమ్రకేశుడి దండంలోంచి వచ్చిన మంట కిందనుంచి పోయింది. బొంత ఆ బరువుతో ఊగుతూ, మొరాయిస్తూ, కొండ అంచు దాటి శూన్యంలోకి తేలింది.

మాచమ కళ్లు తను పట్టుకున్న గుడ్డ మీద పడ్డాయి. ఎర్ర ఓణీ. చెల్లెలి నెత్తుటి మరకతో, చెల్లెలి వెంట్రుకలతో కుట్టి ఉంది.

"ఇది... నా ఓణీ కదే. ఇంకా దాచావా?"

"దాచాను. ఇవాళే వాడేశాను. నువ్వు పంపించిన చీర కోసేసి, ఆ చోట వేశాను. ఇచ్చిననాడు మనసారా ఇచ్చావు కాబట్టే నన్ను ఇక్కడిదాకా మోసింది."

 మాచమ కళ్లల్లోంచి నీళ్లు జలజలా రాలాయి. ఈసారి అవి నిజమో నటనో కుందమకు తెలియలేదు. ఇవాళ ఒకరి కన్నీళ్లు నమ్మి ఏమైందో ఆమెకు బాగా గుర్తుంది.

పటుక్కుమంది. ఒక వెంట్రుక తెగింది. ఓణీ ముక్క ఓ పక్క విడిపోయింది. మాచమ జానెడు కిందికి జారింది. అదేసమయంలో అడవి మీంచి చీరపీలికలు రాలుస్తూ ఇనుపముక్కు రాబందు లేచింది. దాని వీపు మీద చిత్రభానుడు, మొహమంతా గీతలు పడి, దూసిన కత్తితో నేరుగా ఇటే వస్తున్నాడు. వెనక కొండ మీంచి ధూమ్రకేశుడి పొగ పాములా చుట్టలు విప్పుకుంటూ సాగుతోంది.

మళ్లీ పటుక్కుమంది.

"వదిలెయ్యవే," అంది మాచమ. "నేను బరువు. నన్ను వదిలేస్తే నువ్వు తప్పించుకుంటావు."

"నోర్ముయ్యి!" అని అరిచింది కుందమ. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. ఆ లెక్క తర్వాత తేలుస్తాను. మొదలుపెట్టడమే గాని ముగించడం తెలీదన్నావు కదూ నన్ను? కదలకుండా పట్టుకో."

బోర్లా పడుకుని అంచు మీదికి వంగింది. జడలోంచి మరో వెంట్రుక పీకి సూదిలోకి ఎక్కించింది.